అంతా నా కోసమేనంట

అక్టోబర్ 5, ఆదివారం

ఈ డైరీ నా కోసమే రాసుకుంటున్నాను. రేపెప్పుడైనా ఎవరైనా మా అమ్మాయి యారెలీస్ మర్రెరో జీవిత చరిత్ర రాయడానికి కూర్చుంటే పనికొస్తుంది, అది వేరే సంగతి.

డిసెంబర్‌లో మా ఊరి చౌరస్తాలో పిల్లల ఆశుకవితా పోటీ. మా దీవి మొత్తం మీద ఇంత పెద్ద పిల్లల పోటీ ఇంకోటి లేదంటున్నారు. పెద్దలు ఒక పాదం ఇస్తారు. అది పదో పాదం. దాని ముందు తొమ్మిది పాదాలు అక్కడికక్కడ అల్లి, క్వాత్రో, అంటే మా చిన్న గిటారు, తీగల మీద పాడాలి. ఈ కొండల్లో పుట్టినవాడికి ఇంతకన్నా గొప్ప విద్య లేదు. అమ్మాయి పేరు ఇచ్చేశాను. అడిగి ఇద్దామనే అనుకున్నాను, కానీ అది వాలీబాల్‌కి వెళ్ళింది.

మా ఆవిడ మిగ్దాలియాకి చెబితే బియ్యం కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే అంది: "పాడేది అదా, నువ్వా?"

"దానికి పన్నెండేళ్ళే. ఆ గొంతు చూశావా?"

"నీ పదహారేళ్ళ గొంతు కూడా చూశాను."

ఇది అన్యాయం. ఆ ఏడు అదే చౌరస్తాలో నేను గెలవాల్సినవాణ్ణి. మైకు చచ్చిపోయింది. ఎవరి తప్పూ కాదు, తీగ ఎక్కడో తెగింది.

"మైకు బాగానే ఉంది, బెర్తో. నువ్వు ఊపిరి పీల్చడం చివరి వరస దాకా వినపడింది. నేనక్కడే ఉన్నానుగా."

పెళ్ళికి ముందే పరిచయమున్న మనిషిని పెళ్ళి చేసుకోకూడదు.

అక్టోబర్ 11

డాన్ చాగో క్వాత్రో పట్టుకుని వచ్చాడు. మా తాతల కాలం నాటి మనిషి. ఆయన వేళ్ళు పెట్టని పెళ్ళి గానీ చావు గానీ ఈ కొండ మీద జరగలేదు. వరండాలో కూర్చుని రెండు తీగలు సవరించి, "ఏదీ పిల్లా, నీకిష్టమైనదేదో చెప్పు, దాని మీద అల్లుదాం" అన్నాడు.

"వాలీబాల్" అంది అమ్మాయి.

"కాఫీ, కొండ, మాతృభూమి" అన్నాను నేను.

డాన్ చాగో నా వంక చూసి, "ఒరే బెర్తో, నేనడిగింది పిల్లని" అన్నాడు. ముసలాయనకి వినికిడి తగ్గినట్టుంది, విషయం అర్థం కాలేదు. అయినా నేర్పుతాడు. అమ్మాయి వాలీబాల్ మీద నాలుగు పాదాలు అల్లింది. ప్రాస కుదిరింది. విషయమే తక్కువ స్థాయిది.

అక్టోబర్ 14

ఒత్తిడి పెట్టకూడదు. రేడియోలో డాక్టరు చెప్పాడు. ఒత్తిడి అస్సలు పెట్టకూడదు. అన్నం తిన్నాక ఇంకోసారి సాధన చేయించాలి.

అక్టోబర్ 17, శుక్రవారం

పచ్చిగుడ్డులో తేనె కలిపి పొద్దున్నే. ఐసు బంద్. అరుపులు బంద్. గొంతు బొంగురుపోతే మొత్తం పోయినట్టే. వాలీబాల్‌లో అరుస్తారు. కాబట్టి శుక్రవారాలు కూడా సాధనకే.

"సరే నాన్నా" అంది.

ఎంత మంచి పిల్ల. గోడవైపు తిరిగి అంది, కిటికీ వెలుతురు కళ్ళలో పడుతోంది కాబోలు. మిగ్దాలియా మాత్రం గరిటె బల్ల మీద కొట్టి, "ఆ ఒక్క శుక్రవారం కూడా మిగల్చవా?" అంది. ఆవిడకి ఆ బంతాట మీద అంత పట్టింపు ఎందుకో నాకు తెలియదు. బడి వంటగదిలో రోజంతా మూడు వందల మందికి వండి వండి చిరాకుగా ఉంటుంది పాపం.

అక్టోబర్ 29

నా రంగుల దుకాణానికి నెఫ్తీ బెర్రియోస్ వచ్చాడు. పోటీ సంఘంలో కార్యదర్శి. వరండాకి ఏ రంగు వేస్తే బాగుంటుందని అడిగాడు. లేత పసుపు చూపించాను. పాదాలు పెద్దలు ముందే నిర్ణయించి కవర్లో పెడతారని మాటల మధ్యలో చెప్పాడు. లేత పసుపే తీసుకెళ్ళాడు. స్నేహితుడు కదా, డబ్బుల మాట ఎత్తకుండా డబ్బా నేనే బండిలో పెట్టాను.

వెళ్తూ వెళ్తూ, "మా కొండ కాఫీ పరిమళం... ఎంత బాగుంటుందో కదా బెర్తో, ఈ మాట పదో పాదంగా" అన్నాడు.

ఇందులో తప్పేమీ లేదు. ఆయన ఒక మాట అన్నాడు, నేనొక మాట విన్నాను.

అక్టోబర్ 30

తొమ్మిది పాదాలూ రాసేశాను. రంగులు కలుపుతూనే రాశాను. "మంచు కప్పిన తోటలందున మా తాతల చెమట నందనం" అనే చోట నాకే కన్నీళ్ళొచ్చాయి. ఒక కస్టమర్‌కి తెలుపు బదులు గోధుమ రంగు పోయింది.

నవంబర్ 2

కంఠస్థం మొదలు.

"నాన్నా, అక్కడికక్కడ అల్లాలి కదా?"

"అవును. అక్కడికక్కడ అల్లినట్టు రావాలంటే ముందే గట్టిగా నేర్చుకోవాలి."

"మరి కవర్లోంచి వేరే పాదం వస్తే?"

"రాదు."

"నీకెలా తెలుసు?"

"అనుభవం."

కాగితం అటూ ఇటూ తిప్పి, "నేను అనుకున్నది ఒక్కటైనా పెట్టొచ్చా ఇందులో?" అంది.

చూశాను. ఎక్కడా చోటు లేదు. పాదాలు గట్టిగా కుదిరాయి. ఒక్క మాట కదిపినా ప్రాస పోతుంది. ఆ సంగతే దానికి వివరించాను, అర్థం చేసుకుంది. మధ్యలో ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నట్టు పైకి చూడాలో కూడా గుర్తులు పెట్టి ఇచ్చాను.

నవంబర్ 16

నెఫ్తీ వరండా చూసొచ్చాను. పసుపు బాగా పట్టింది. కిటికీలకి కొత్త ఇనప గ్రిల్లు, నేలకి కొత్త టైల్సు, గేటు కూడా మార్చాడు. అదృష్టవంతుడు, ఇల్లంతా ఒకేసారి బాగుపడుతోంది. టైల్సు వేయించినవాళ్ళ అబ్బాయి కూడా పోటీలో ఉన్నాడట. గ్రిల్లు చేసే అతని కూతురు కూడానట. మా ఊరి తండ్రులు కళల మీద ఇంత శ్రద్ధ పెట్టడం చూస్తే గర్వంగా ఉంది.

నవంబర్ 27

అమ్మాయి నిద్రలో కూడా కాఫీ పరిమళం అంటోందని మిగ్దాలియా చెప్పింది. నాకు ఆనందం ఆగలేదు. ఆవిడకే ఎందుకో లేదు.

డిసెంబర్ 13

రేపే. నేను చాలా నిబ్బరంగా ఉన్నాను. చొక్కా గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని దుకాణానికి వెళ్ళానట, అంతే.

డిసెంబర్ 14

గెలిచింది.

డిసెంబర్ 16

నిన్న రాయలేకపోయాను. ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

చౌరస్తా నిండిపోయింది. పంది మాంసం కాలుస్తున్న పొగ, అరటికాయ వేపుళ్ళ వాసన, వెనక బార్లోంచి డామినో పావుల చప్పుడు. ముందు వరసలో తండ్రులం. అందరం ఇస్త్రీ చొక్కాల్లో. పెద్ద న్యాయనిర్ణేత డోన్యా ప్రోవి, డెబ్భై దాటిన మనిషి, ఒకప్పుడు మగాళ్ళ ఎదురుగా నిలబడి పాటకి పాట అప్పజెప్పిన గొంతు. కవర్ చింపి చదివింది. మా కొండ కాఫీ పరిమళం. నేను ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాను. పక్కన టైల్స్ ఆయన కూడా అలాగే పెట్టాడు.

ముందు టైల్స్ వాళ్ళబ్బాయి. తడుముకోకుండా పాడేశాడు. మంచు కప్పిన తోటలు అతని పాటలోనూ ఉన్నాయి. తరవాత గ్రిల్లు వాళ్ళమ్మాయి, మధ్యలో ఆగి ఆలోచిస్తున్నట్టు పైకి చూసింది. అదీ తడుముకోలేదు. ఆ పాటలోనూ తాతల చెమట పారింది. జనం చప్పట్లు కొడుతున్నారు. డోన్యా ప్రోవి కొట్టలేదు. కళ్ళద్దాలు తీసి మా వరసనే చూస్తోంది. ఒక్కొక్కరినీ. మా అందరి పెదవులూ పిల్లలతో పాటు కదులుతున్నాయట. నాకా సంగతి తరవాత తెలిసింది.

ఆవిడ మైకు తీసుకుంది.

"ఈ ఊరి పిల్లలంత తెలివైన పిల్లల్ని నేనెక్కడా చూళ్ళేదు. నేనడగకముందే జవాబు వచ్చేస్తోంది. నెఫ్తీ, ఈ కవర్ నీ జేబులో పెట్టుకో నాయనా. ఇప్పుడు పాదం నేనిస్తా. మొదటి ఇద్దరికీ కూడా మళ్ళీ ఇదే." అని, మా వరస మీంచి చూపు తిప్పకుండా చెప్పింది: "అంతా నా కోసమేనంట."

నెఫ్తీ ఎటో వెళ్ళిపోయాడు. ఎవరూ వెతకలేదు.

తరవాతి పేరు యారెలీస్ మర్రెరో.

వేదిక మీద అది ఒక్కతే. డాన్ చాగో వాయిస్తున్నాడు. వాయిస్తూనే ఉన్నాడు. అది నోరు తెరవదు. నేను చేతులతో కాఫీ, కాఫీ అని సైగ చేశాను, కాఫీ పాటే పాడి చివర్లో ఏదో విధంగా ఈ పాదానికి తిప్పొచ్చని. అది నన్ను చూసింది. నా చేతుల్ని చూసింది. దాని పెదవుల చివర ఏదో కదిలింది. పాడింది.

మైకు నోరు మూసిందంట,
మా నాన్న తెరిచే ఉంచాడంట;
ఆ రోజు రాని పాటంతా
నా గొంతులోకి వచ్చిందంట.
పచ్చిగుడ్డు తేనె నాకు,
పెదవులాడించే పని తనకు;
బంతాట మాను, ప్రాస మానకు,
గొంతు జాగ్రత్త, ఐసు తినకు!
కష్టం నాది, కలేమో తనదంట,
అంతా నా కోసమేనంట!

రెండో పాదానికే వెనక ఎవడో ఈల వేశాడు. ఆరో పాదానికి మా వరస అంతా చటుక్కున పెదవులు బిగించింది. అది చూసి జనం ఇంకా నవ్వారు. పదో పాదం జనమే పాడారు. డాన్ చాగో నవ్వుతూ ఒక తీగ తప్పాడు. ఆయన తీగ తప్పడం ఈ ఊళ్ళో ఎవరూ చూడలేదు. డోన్యా ప్రోవి లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మిగతా పిల్లలు కూడా పాడారు గానీ, మొదటి ఇద్దరూ నోరు మెదపలేకపోయారు. వాళ్ళ నాన్నలు ఏ సైగ చేయాలో తెలియక నిలబడ్డారు.

కప్పు పట్టుకుని అది కిందికి దిగింది. మిగ్దాలియా దాన్ని గాల్లోకి ఎత్తేసింది. నేను కారు తేవడానికి వెళ్ళాను. కారు దగ్గర్లోనే ఉంది, అయినా చాలాసేపు పట్టింది.

డిసెంబర్ 17

దుకాణానికి ముగ్గురు వచ్చారు. ఎవరూ రంగు కొనలేదు.

డిసెంబర్ 18

"నోరు తెరిచి ఉంచే రంగుందా, బెర్తో?" ఇది పాదిరి గారు.

డిసెంబర్ 19

నాకు కోపం లేదు. మాట్లాడటానికి విషయం లేక మాట్లాడటం లేదు.

డిసెంబర్ 20

సాయంత్రం మెట్ల మీద కూర్చుంటే అమ్మాయి వచ్చి కొంచెం ఎడంగా కూర్చుంది.

"కోపమా నాన్నా?"

"అందరి ముందు నన్ను అలా నిలబెడతావా?"

"నన్ను అందరి ముందు నిలబెట్టింది నువ్వేగా."

మెట్టు మీద ఎండిన రంగు చుక్కని గోరుతో గీకాను.

"నాకింకేం తోచలేదు. కాఫీ మొత్తం పోయింది బుర్రలోంచి. కాళ్ళు వణుకుతున్నాయి. ఎదురుగా చూస్తే నువ్వు చేతులాడిస్తున్నావు. అంతే, వచ్చేసింది." నా వైపు తిరిగి, "నీకూ అలాగే వణికాయా?" అంది.

"ఎప్పుడు?"

"మైకు పోయినప్పుడు."

మైకు గురించి దానికి చాలా వివరంగా చెప్పాను, తీగ, ప్లగ్గు, వాన తేమ. అది వింటూ కూర్చుంది. ఎంత సేపు చెప్పినా వింటూనే కూర్చుంది. చివరికి, "కొంచెం పని చేసింది" అన్నాను.

"ఎంత?"

"మొత్తం."

అది నవ్వలేదు. ఎడం తగ్గించి జరిగింది.

డిసెంబర్ 28

శాన్ హువాన్ నుంచి రేడియో వాళ్ళు ఫోన్! అమ్మాయి పాట ఎవరో రికార్డు చేశారట, దీవంతా తిరుగుతోందట. "ఆ నాన్నగారు కూడా వస్తే బాగుంటుంది" అన్నారు. ఆలోచించి చూస్తే, ఆ పాటకి వస్తువు ఎవరు? నేను. వస్తువు లేనిదే కవిత్వం ఎక్కడిది? ఈ కోణంలో ఇంతకాలం ఎందుకు ఆలోచించలేదో.

జనవరి 4

రేడియోలో నన్ను కూడా మాట్లాడించారు. బాగా నవ్వారు. ఇంకో పాట కావాలన్నారు, నాన్న మీదే. అమ్మాయి చూద్దాం అంది.

దుకాణానికి తాటాకు టోపీ పెట్టుకుని వెళ్తున్నాను, ఈకతో. పాటలోకి రావచ్చు.

జనవరి 9

వాగు దాటుతూ జారిపడ్డాను. అమ్మాయి గట్టున ఉండగానే. ఇంకోసారి కూడా పడ్డాను, మొదటిసారి అది అటు తిరిగి ఉంది.

జనవరి 12

మిగ్దాలియా తడిబట్టలు ఆరేస్తూ, "ఇన్నాళ్ళూ అది నీ పాట పాడింది. ఇప్పుడు నువ్వు దాని పాటకి కోతివయ్యావు. ఇంట్లో మనిషన్నవాడు ఎవడైనా ఉన్నాడా?" అంది.

కళ తెలియని మనిషి.

జనవరి 15

భోజనాల దగ్గర అమ్మాయికి నాలుగు ఆలోచనలు ఇచ్చాను. నాన్న గురక, నాన్న వంట, నాన్న పాత కారు, నాన్న టోపీ.

అది చెంచా కింద పెట్టింది. కసురుకోలేదు. డాక్టరు చెప్పినట్టు చెప్పింది.

"నీ గురించి చెప్పాల్సింది పది పాదాల్లో అయిపోయింది నాన్నా. పదకొండోది లేదు."

కందిగింజల అన్నం మిగిలిపోయింది. నా కంచంలోనే.

జనవరి 16

టోపీ మేకుకి తగిలించాను.

జనవరి 17

పోటీ కాగితాలు వచ్చే ఏడాదివి అప్పుడే వచ్చాయి. పేరు రాసే చోట పేరు రాయలేదు. డైరీలో రాసుకుంటున్నాను గనక నిజమే రాయాలి: యా అని రాసి కొట్టేశాను.

జనవరి 23, శుక్రవారం

అమ్మాయి మోకాళ్ళకి పట్టీలు కట్టుకుని వాలీబాల్‌కి వెళ్ళింది. "వెళ్ళిరానా?" అని అడగలేదు. వెళ్తున్నా అని చెప్పింది. నేను దుకాణం నుంచి త్వరగా వచ్చి ఆట కోర్టుకి ఎదురుగా కారులో కూర్చున్నాను, కాలవ అవతల.

అది ఆటలో అంతంతమాత్రమే. బంతి చాలాసార్లు నెట్‌లోకి పోయింది. పోయినప్పుడల్లా పడీ పడీ నవ్వుతోంది, మిగతా పిల్లలు దాని మీద పడి నవ్వుతున్నారు. కప్పు పట్టుకున్న రోజు కూడా ఇలా నవ్వలేదు. నేను కారు దిగలేదు.

ఫిబ్రవరి 6, శుక్రవారం

ఇవాళ కాలవ దాటి వెళ్ళి కోర్టు పక్కన బెంచీ మీద కూర్చున్నాను. నోరు తెరవకూడదని ముందే ఒట్టు పెట్టుకుని, వేయించిన వేరుశనగలు నోటి నిండా పోసుకున్నాను.

అయినా ఒకరి అరుపు ఆగడం లేదు. "చేతులు పైకి! పైకీ! గోళ్ళ రంగు ఆరబెడుతున్నావా, ఆ వేళ్ళేంటి? మోకాళ్ళు వంచు! కాళ్ళు అంటించారా నేలకి?"

ఎవరా అని చూశాను. మా మిగ్దాలియా. బడి వంటగది ఆప్రాన్‌తోనే గీత మీద నిలబడి ఉంది. కోచ్ కుర్రాడు ఆవిడ వెనక నక్కాడు.

ఇరవై ఏళ్ళు కాపురం చేశాను. ఆవిడ బడి జట్టులో ఆడిందని, దీవి స్థాయి పోటీకి ఎంపికై, మోకాలు మెలిపడి ఆగిపోయిందని ఇవాళ కోచ్ చెబితే తెలిసింది. ఆ మోకాలు వానాకాలంలో నొప్పి చేస్తే నేనే తైలం రాస్తాను. ఎందుకు నొప్పి అని ఎప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరి 8

మిగ్దాలియా మా వరండా స్తంభానికీ పనస చెట్టుకీ మధ్య నెట్ కట్టింది. గుమ్మం మీద ఇనప కడ్డీ బిగించింది. ఎత్తు పెరగడానికి పిల్ల పొద్దున్నా సాయంత్రం దానికి వేలాడాలట. క్రీడల బడి వాళ్ళకి ఫోన్ చేసిందట.

"దానికి ఒత్తిడి అవుతుందేమో" అన్నాను.

"ఒత్తిడేంటి? దానికిష్టమే! నేను నీలాంటిదాన్ననుకున్నావా?" అని, గుమ్మానికి వేలాడుతున్న పిల్లని చూసి, "ఇంకొంచెం సాగు తల్లీ, నడుం నించి" అంది.

వేలాడుతూనే అమ్మాయి నన్ను చూసింది. నేను దాన్ని చూశాను.

ఫిబ్రవరి 13, శుక్రవారం

శుక్రవారాలతో పాటు మంగళవారాలు కూడానట.

"సరే అమ్మా" అంది. గోడవైపు తిరిగి. వెలుతురు ఏమీ లేదు, మబ్బు పట్టి ఉంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

మిగ్దాలియా చర్చికి వెళ్ళింది. డాన్ చాగో వచ్చి వరండాలో కూర్చున్నాడు, ఎవరు పిలిచారో తెలియదు. నేను పిలవలేదు. అమ్మాయి మెట్ల మీద కూర్చుని, నేల మీద పుల్లతో గీతలు గీస్తోంది. పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి.

కొంతసేపటికి తల ఎత్తింది.

"నాన్నా, 'ఎత్తు'కి ప్రాస ఏంటి?"

నాకు ఊరికే వస్తాయి ఇవి. నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి, వరసలో, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని.

"తెలీదమ్మా" అన్నాను.

"నీకా?"

"నాకే. నువ్వే వెతుక్కో."

అది నన్ను పరీక్షగా చూసింది, నా పెదవుల్ని ముఖ్యంగా. బిగించి కూర్చున్నాను. తరవాత పుల్లతో మళ్ళీ గీసుకోవడం మొదలుపెట్టింది. డాన్ చాగో నా వంక చూడకుండానే తీగ సవరించాడు. కాసేపట్లో దానికేదో దొరికింది. ఒక్కసారిగా పడీ పడీ నవ్వింది. ఏం దొరికిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 16

పొద్దున్నించి దుకాణంలో రంగు కలుపుతుంటే 'ఎత్తు'కి ప్రాసలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. చాలా మంచివి.

ఇక్కడ కూడా రాయను.